నీలూ ఎవరు?

దాలమ్మ వార్డు సిస్టరును రబ్బరు షీటు మీద పడుకోబెట్టిన రోజున చిలకమ్మ అక్కడే ఉంది. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. చిలకమ్మ అత్తగారు తుంటి విరిగి ఆసుపత్రిలో చేరింది. మే నెల, కిటికీ ఊచ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. లాండ్రీ నుంచి దుప్పట్లు రాలేదని చెప్పి ఆ సిస్టరు మహాతల్లి రోగులందరినీ ఉత్త రబ్బరు షీట్ల మీదే పడేసింది. అత్తగారి వీపంతా చెమటకి పొక్కిపోయింది. దాలమ్మ ఆ వార్డులో ఆయా. ఆయాలకి నోరుండకూడదన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"సిస్టర్జీ, పది నిమిసాలు. పదంటే పదే. మీరీ సీటు మీద తొంగోండి. లెగకుండా ఉన్నారంటే మీ కాల్లట్టుకుని మాపీ సెప్పుకుంటాను," అంది, తన వంకర హిందీలో.

వార్డంతా చూస్తోంది. సిస్టరుకి పౌరుషం పొడుచుకొచ్చి తెల్లచీరతో అలాగే పడుకుంది. మొదటి నిమిషం నవ్వింది. రెండో నిమిషానికి నవ్వు మానింది. నాలుగో నిమిషానికి చీర వీపుకి అతుక్కుపోయి, మొహం మిరపపండై లేచి కూర్చుంది. "ఇంకా ఆరున్నాయండి," అంది దాలమ్మ, గోడ గడియారం చూపించి. నవ్వితే కుట్లు లాగే వాళ్ళు కూడా కుట్లు పట్టుకుని నవ్వారు. భోజనాల వేళకల్లా దుప్పట్లు వచ్చాయి. లేవన్న దుప్పట్లు ఎక్కడ పుట్టాయో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రోజు నుంచి చిలకమ్మకి ఆవిడ అక్క వరసై 'దాలప్ప' అయింది. ఇద్దరివీ టాటానగర్‌లోని బారిడీహ్‌లో పక్కపక్క ఇళ్ళని తర్వాత తెలిసింది.

దాలమ్మ మంచి మనిషని చెబితే అబద్ధమే అవుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు రోగుల్ని తుడిచి, తిప్పి, తినిపించి, మనుషుల్ని మంచాల్లాగ చూడడం అలవాటైంది ఆవిడకి. ఎవరింటికి వెళ్ళినా ముందు నాలిక చాపమనేది. ఒకసారి పెళ్ళికి వెళ్ళి, పీటల మీద పెళ్ళికూతురి కింది రెప్ప లాగి చూసి, "రగతం నేదు," అని పురోహితుడికి వినబడేట్టు చెప్పింది. టెక్కలి పక్క పల్లె నుంచి పదహారేళ్ళకి కాపరానికి వచ్చింది. మొగుడు పోలరాజు గోల్‌మురి టిన్‌ప్లేట్ కార్ఖానాలో పనివాడు. ఆవిడ చదువు తన పేరు రాసుకోవడం, జ్వరం కాగితం మీద అంకెలు చదవడం, అంతవరకే. ఆ మాత్రంతోనే చదువుకున్న వాళ్ళు చాలామంది చూడనివి చూసింది.

పోలరాజుకి మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మొన్న దసరా దాటాక రెండోసారి వచ్చింది. ఈసారి హిందీ పోయింది. నలభై ఏళ్ళు కార్ఖానాలో హిందీలోనే నవ్వి, హిందీలోనే తిట్టి, కేకలు పెట్టిన మనిషి నోట్లోంచి ఆ భాష మొత్తం ఊడ్చుకుపోయింది. మిగిలింది చిన్నప్పటి టెక్కలి తెలుగు. అదీ ఒక్కో మాట, అతి కష్టం మీద. దాలమ్మ ఆ మాటల్ని ఏరుకుంటూ, ఆయన ఒంటి మీద ఒక్క పుండు లేకుండా చూసుకుంది. అలాంటి మనిషి బకెట్ దగ్గర కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు.

కొడుకు జయప్రకాష్ చేతులు నలుపుకున్నాడు. అతనూ, కోడలు రోహిణీ ఇద్దరూ ఉద్యోగాలకి పోయేవాళ్ళే. కట్టు ఊడేదాకా నాన్నని ఒక వృద్ధుల సదనంలో ఉంచుదామన్నాడు. గమ్హరియాలో, తన ఫ్యాక్టరీకి దగ్గర్లోనే. ఆ సదనం పేరు ఇక్కడ చెప్పడం దండగ; చెబితే వాళ్ళకి ఊరికే ప్రచారం. గేటు మీద బోర్డు, బోర్డు మీద నవ్వుతున్న ముసలి జంట. ఆ వయసులో అన్ని పళ్ళు ఏ ఊళ్ళో ఉంటాయో ఆ బొమ్మ వేసినవాణ్ణి అడగాలి.

సదనం వాళ్ళకి ఒక విద్య బాగా వచ్చు. ఫోటో తీయడం. రోజూ సాయంత్రం ఆరయ్యేసరికి జయప్రకాష్ ఫోనుకి ఒక బొమ్మ వచ్చేది. పోలరాజు నెత్తిన కాగితపు టోపీ. పోలరాజు చేతిలో గులాబీ. పన్నెండో రోజున చిలకమ్మ సొరకాయ కూర గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి, తల్లీ కొడుకూ కోడలూ ముగ్గురూ ఫోను మీద వంగి ఉన్నారు. మంచం మీద పోలరాజు, ఆయన పొట్ట మీద ముందుకాళ్ళు పెట్టి నల్లకుక్క. కింద హిందీలో రాశారు: బాబాజీకి కాలూ అంటే ప్రాణం.

"కిత్నా ప్యారా లగ్ రహా హై, మమ్మీజీ! ఎంత ముద్దుగా ఉందో! పాపాకి కుక్కలంటే ఇంత ఇష్టమని నాకు తెలీదు," అంది రోహిణి.

"నాకూ తెల్దు," అంది దాలమ్మ. "కార్కానా గేటు కాడ పిక్క పీకింది కుక్క. పద్నాలుగు సూదులు పొడిపించుకున్నాడు బొడ్డు సుట్టూ. అప్పటినుంచీ కుక్క ఈ వీదిలో ఉంటే ఈయన ఆ వీదిలోంచి ఎల్తాడు. ఒరే, ఆ బొమ్మ పెద్దది సెయ్యి. కుక్కని కాదురా, పెదాలు."

జయప్రకాష్ పెద్దది చేశాడు. పెదాలు నెర్రెలిచ్చి ఉన్నాయి. నోటి మూలల్లో తెల్లటి పొక్కు.

"ఏటిరా ఈ పెదాలు?"

"సర్దీ హై నా, మా. చలికి అందరికీ పగులుతాయి. వేజలిన్ రాయమని చెప్తాను."

"ఆ సదనమోలు నీకింకేటి సెప్పారు?"

జయప్రకాష్ పెళ్ళాం వైపు చూశాడు. రోహిణికి ఆ క్షణంలోనే వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది. "కుఛ్ నహీ మా, ఏం లేదు," అన్నాడు. ఆ చూపు చిలకమ్మ కంట పడింది. ఏదో దాస్తున్నారు వీళ్ళు అనుకుంది. దాచేవాడు కనీసం సరిగ్గా దాచడం నేర్చుకోవద్దా?

మర్నాడు పొద్దున్నే దాలమ్మ చిలకమ్మని లేవదీసింది. "ఆస్పత్రిలో ఉండగా నేను సూసినాను సిలకా. ముసిలోలు రోగంతో కన్నా ఎండిపోయి పోతారు. ఆ పెదాలు ఇంకో వారం అలగే ఉంటే మీ బావ దక్కడు. నడు."

ఆటో దిగేసరికి పదకొండు. గేటు మీద ఉంది: చూడడానికి ఆదివారం నాలుగు నుంచి ఐదు వరకు. ఆ రోజు గురువారం. కాపలావాడు దాలమ్మ నెరిసిన జుట్టు చూశాడు, మెడకి వేలాడుతున్న కట్టు చెయ్యి చూశాడు, కొత్త పేషెంటు వచ్చిందనుకుని గేటు బార్లా తీసి కుర్చీ కూడా తెచ్చాడు. దాలమ్మ కాదనలేదు. కుర్చీ మీద కూర్చోలేదు కూడా.

లోపల పొడుగాటి హాలు, పద్నాలుగు మంచాలు, టీవీలో భజన. ఫినాయిలు వాసన, దాని అడుగున ఫినాయిలు దాచాలనుకున్న వాసన. పోలరాజు మంచం కిటికీ పక్కన, మంచం పట్టీకి వేలాడుతూ ఉచ్చ సంచీ. మంచానికి కుడివైపు బల్ల, బల్ల మీద స్టీలు గ్లాసు, గ్లాసు మీద మూత, నిండా నీళ్ళు. కుడి చెయ్యి పడిపోయిన మనిషికి కుడివైపున గ్లాసు పెట్టిన బుద్ధిమంతులు వాళ్ళు.

పోలరాజు పెళ్ళాన్ని గుర్తుపట్టాడు. నోరు తెరిచాడు. "నీలు," అన్నాడు.

అక్కడున్న ఆయా నలభై ఏళ్ళ మనిషి, పద్నాలుగు మంచాలకీ తానొక్కతే. ఆమె మొహం వెలిగిపోయింది. "అదిగో, మళ్ళీ నీలూ! వచ్చిన రోజు నుంచి ఇదే జపం," అంది హిందీలో. "మాతాజీ, మీరేనా నీలూ?"

చిలకమ్మకి ముందు నవ్వు వచ్చింది, ఆ వెంటనే మూత పెట్టిన గ్లాసు కంట పడింది. టెక్కలి నాలిక 'ళ' అనే అక్షరం దగ్గర మెలిక తిరగదు. నీళ్ళని నీలు అంటారు. పదమూడు రోజులుగా ఆ మనిషి నీళ్ళడుగుతున్నాడు. పదమూడు రోజులుగా వీళ్ళు నీలూ అనే ఆడమనిషి కోసం ఎదురు చూస్తున్నారు.

దాలమ్మ గ్లాసు మీద మూత తీసింది. "తల ఎత్తు," అంది చిలకమ్మతో. ఎడం చేత్తో చెంచా పట్టుకుని, కొంచెం కొంచెంగా, మింగాడని గొంతు చూసుకుంటూ పట్టింది. గ్లాసు అయిపోయింది. ఇంకో గ్లాసు తెప్పించింది. సగంలో పోలరాజు కళ్ళు మూసుకుని, "సల్లగుంది," అన్నాడు.

అప్పటికి మేనేజరు వచ్చాడు. మెడలో టై, చంకలో ఫైలు. సమయం కాని సమయంలో వచ్చినందుకు ముందు చిన్న ఉపన్యాసం ఇచ్చి, తర్వాత ఫైలు తెరిచి తమ సేవ ఎంత శ్రద్ధగా జరుగుతోందో చదివి వినిపించాడు. రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు; ఎనిమిది టిక్కులు, ఒకే పెన్నుతో, ఒకే ఊపులో. కింద ఇంకో వాక్యం. బాబాజీ రోజంతా నీలూ నీలూ అని పిలుస్తున్నారు, కుటుంబం మీద బెంగ, కౌన్సెలింగ్ ఇవ్వబడింది.

"మీ అబ్బాయిని కూడా ఫోన్లో అడిగాం మాతాజీ, నీలూ ఎవరని. ఆయన చెప్పలేకపోయారు. ఇది కుటుంబ విషయం కదా, మేం లోతుకి వెళ్ళలేదు," అన్నాడు గొప్ప మర్యాదగా.

"నీలూ అంటే పానీ," అంది దాలమ్మ.

"జీ?"

"పానీ. నీలు మతలబ్ పానీ."

మేనేజరు గబగబా రాసుకున్నాడు. రాసుకోవడం వాళ్ళకి వచ్చు.

చిలకమ్మకి ఫోటో గుర్తొచ్చింది. "మరి కుక్క సంగతేటి?" అని హిందీలో అడిగింది. దానికి ఆయా ఇంకా సంబరపడింది. బాబాజీ పొద్దస్తమానం కాలూ కాలూ అంటుంటే, ఇక్కడి కుక్క పేరెలా తెలుసుకున్నాడా అని అందరూ ఆశ్చర్యపోయారట. పాపం ఇష్టమేమోనని రోజూ తెచ్చి మంచం మీద ఎక్కిస్తున్నారట. దాన్ని చూడగానే ఇంకా గట్టిగా కాలూ అని అరుస్తాడట, అంత ఆనందమట.

దాలమ్మ దుప్పటి ఎత్తింది. పడిపోయిన కుడి కాలు, మడమ పరుపుకి ఆని ఉన్నచోట రేగుపండంత నల్లటి పుండు. కాలు నొప్పి అని చెబుతున్నాడు ఆ మనిషి. చెప్పినప్పుడల్లా కుక్కని తెచ్చారు.

"మాతాజీ, లాంగ్వేజ్ ప్రాబ్లమ్," అన్నాడు మేనేజరు. "మాకు మీ భాష రాదు కదా!"

అప్పుడు విప్పింది దాలమ్మ నోరు. సగం హిందీ, సగం తెలుగు. కోపం మాత్రం సగం కాదు.

"మేనేజర్ బాబూ, పెదాలు తెలుగులో పగిలినాయేటి? నాలిక తెలుగులో ఎండిందేటి? ఆ సంచీలో ఉచ్చ సూడు, మరిగిన టీ లాగుంది. అది ఏ బాసలో ఉందో సదివి సెప్పు. ముప్పై ఒక్క ఏల్లు ఆయా పని సేసినాను. బెంగాలీలని తుడిసినాను, సంతాలోలని తుడిసినాను, పంజాబీలని తుడిసినాను. నాకు పంజాబీ వచ్చేటి? నోరు తెరిపించి సూసీదాన్ని. మడం ఎత్తి సూసీదాన్ని. దానికి బాసెందుకు? కల్లు సాలు. నీకు కల్లున్నాయి కాని ఫోటోకి అట్టేపెట్టుకున్నావు."

ఆయా తల దించుకుంది. దాలమ్మ ఆమె జోలికి పోలేదు. "పద్నాలుగు మంచాలకి నిన్నొక్కదాన్నే ఎట్టినోడికి సిగ్గుండాల, నీకెందుకు," అంది. మేనేజరు టై సవరించుకుని జయప్రకాష్‌కి ఫోను కలిపాడు.

జయప్రకాష్ ఫ్యాక్టరీ నుంచి హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. తల్లి అతన్ని కూర్చోనివ్వలేదు.

"ఒరే, నీలూ ఎవులని నిన్నడిగారంట. నీకెందుకు తెల్లేదు? సిన్నప్పుడు నీలు తాగకుండా పెరిగినావేటి?"

"మా, వాళ్ళు హిందీలో అడిగారు. నీలూ కౌన్ హై అని. నేను..." ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేనేమనుకున్నానంటే... పాపాకి ఎప్పుడో... పాత..."

దాలమ్మకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

"ఏటీ? ఉంచుకున్నదనుకున్నావా?"

హాలంతా మార్మోగింది ఆ మాట. మేనేజరుకి అర్థం కాలేదు, ఆయాకి అర్థం కాలేదు, పద్నాలుగు మంచాల మీద ఎవరికీ అర్థం కాకూడదు. కానీ టీవీకి ఎదురుగా ఉన్న మంచం మీద ఒక పండు ముసలమ్మ కిసుక్కున నవ్వింది. నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిలకమ్మ గిరుక్కున తిరిగింది. "ఓలమ్మా, నువ్వు మనోలివా?"

ముసలమ్మ పేరు రత్నం. టాటానగర్ రైల్వే వాళ్ళ కుటుంబం. కొడుక్కి బదిలీ అయితే నాలుగు నెలల కిందట ఇక్కడ దింపి వెళ్ళాడు. ఆవిడ చిలకమ్మ చెయ్యి పట్టుకుని, "ఆకలమ్మా," అంది.

"ఈ అమ్మ కూడా అంతే," అంది ఆయా. "ఎప్పుడూ అకేలీ, అకేలీ అంటుంది. ఒంటరిగా ఉన్నానని బాధ. అందుకే టీవీ ఎదురుగా మంచం వేశాం."

ఆకలంటుంటే అకేలీ అని విని, అన్నానికి బదులు భజన పెట్టారు. ఈసారి దాలమ్మ రత్నం నోరు తెరిపించి చూసింది. రోజూ ఒంటిగంటకి రొట్టెలిస్తారు. రత్నానికి పళ్ళు లేవు, రొట్టె అలాగే వెనక్కి పోతుంది. కంచం ఖాళీగా వెళ్ళిందా, నిండుగా వెళ్ళిందా చూసే నాథుడు లేడు. చిలకమ్మ తను దారికని తెచ్చుకున్న పెరుగన్నం చేత్తో మెదిపి పెట్టింది. ఆవిడ తింటుంటే చూడలేక కిటికీ వైపు తిరిగింది.

దాలమ్మ మొగుణ్ణి ఆ క్షణమే ఇంటికి తీసుకుపోతానంది. కొడుకు బతిమాలాడు. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పుండు కట్టడానికి రోజూ డాక్టరు ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నాడు. అమ్మ ఒక్క చేత్తో ఏం చేస్తుంది? దాలమ్మ కట్టు చేతి వంక చూసుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఎన్ని వందలమందినో తిప్పిన చెయ్యి, తన మొగుడి దగ్గరికి వచ్చేసరికి సున్నం ముద్దలా వేలాడుతోంది. ఆ ఒక్కసారే ఆవిడ కళ్ళు తడిసినట్టు చిలకమ్మకి కనిపించింది. అడిగితే ఫినాయిలు ఘాటు అనేది.

"అయితే నేనిక్కడే కూకుంటాను," అని ప్లాస్టిక్ కుర్చీ మంచం ఎడమ పక్కకి లాక్కుంది. "కట్టూడినాక అప్పుడు సూద్దాం, మూడంతస్తులో ముప్పై అంతస్తులో."

రూల్సు ఒప్పుకోవన్నాడు మేనేజరు. బయటి మనుషుల వల్ల రోగాలంటుకుంటాయన్నాడు. "ముందు నువ్వెల్లి సేతులు కడుక్కురా. కుక్కనట్టుకుని ఫైలట్టుకున్నావు," అంది దాలమ్మ. గంటసేపు వాదించాడు. జయప్రకాష్ కూడా ఎట్టకేలకి మగాడిలా గొంతు పెంచాడు. పదింటి నుంచి నాలుగింటి దాకా ఉండొచ్చని తేలింది.

ఆ రోజు నుంచి దాలమ్మ ఆటో ఎక్కి డ్యూటీకి వెళ్ళినట్టు వెళ్ళింది. మూడు రోజుల్లో సంచీలో రంగు తేటపడింది. వారానికి పుండు చుట్టూ ఎరుపు తగ్గింది. రత్నానికి జావ, మెత్తటి అన్నం. మేనేజరు దాన్ని కూడా ఊరికే వదల్లేదు; కుటుంబ సభ్యుల భాగస్వామ్యం అని ఫోటో తీసి ఊరంతా పంచబోయాడు. దాలమ్మ కెమెరాకి వీపు తిప్పి కూర్చుంది. ఇంకో గొప్ప పని కూడా చేశాడు. గోడ మీద తెల్లబోర్డు పెట్టించి, నీలూ అంటే పానీ, కాలూ అంటే పైర్, ఆకలి అంటే భూఖ్ అని రంగురంగుల్లో రాయించాడు. ఇక సమస్యే లేదట.

కట్టు వేసిన ఆరో వారంలో, బుధవారం సాయంత్రం దాలమ్మ ఆటో దిగి తన ఇంటికి పోకుండా తిన్నగా చిలకమ్మ ఇంట్లోకి వచ్చి కూలబడింది. టీ ఇస్తే మొత్తం తాగి, అల్లం పడలేదని తిట్టింది. చిలకమ్మని నాలిక చాపమని కూడా అనలేదు. అది ఆవిడకి అలవాటు లేని పని.

"సిలకా, ఎల్లుండి నా కట్టు కోత్తారంట. పొద్దున్న పదింటికి రమ్మన్నారు. ఆ ఆస్పత్రి సంగతి నీకు తెల్సు గదా, పదంటే మూడవుద్ది."

"మంచిదే గదప్పా."

"ఏటి మంచిది? ఆ పూటంతా అక్కడెవులుంటారు?"

"బోర్డు రాసినారన్నావు గదా."

"మూడు మాటలు రాసినారు. మీ బావ నాలుగో మాటంటే?"

చిలకమ్మ మోకాళ్ళు పాముకుంది. ఆవిడకీ అరవై ఎనిమిది. ఆయా పని చెయ్యడానికి పుట్టలేదు తను, ఒకరి చేత చెయ్యి అని చెప్పించుకునే రకం కూడా కాదు. "నాకు మోకాల్లు..." అని మొదలుపెట్టింది.

"నీ మోకాల్లు నేను నిరుడే సూసినాను. కూకోడానికి మోకాల్లెందుకే?" దాలమ్మ గ్లాసు కింద పెట్టింది. గొంతు తగ్గించింది, తగ్గిస్తే అచ్చం వేరే మనిషి గొంతులా ఉంది. "ఎప్పుడూ నిన్నేటీ అడగనేదు నేను. ఎల్లుండి నువ్వెల్లి నా కుర్చీలో కూకో. నీలు గలాసుతో కాదు, సెంచాతో. మింగినాకే ఇంకో సెంచా. పొలమారితే ఎడం పక్కకి తిప్పు, ఆయాని కేకెయ్యి, నువ్వొక్కదానివీ ఎత్తకు. తలగడ మడం కింద కాదు, పిక్క కింద ఎట్టు. మడం గాల్లో ఉండాల. రత్నమ్మకి పన్నెండుకల్లా అన్నం. ఆదమరిసి నీ అలవాటున కూరలో మిరగాయలు దంచకు, ముసిల్ది తట్టుకోనేదు. బేగి ఎల్లు, తొమ్మిదిన్నరకే ఆటో దొరుకుద్ది."